లిస్టులో మీ పేరు లేదా? నేషనల్ టీమ్ సెలక్షన్ మీద అప్పీల్ ఎలా వేయాలి

లిస్ట్ వచ్చేసింది, పైనుంచి కిందకి రెండుసార్లు, కిందనుంచి పైకి ఇంకోసారి చూశారు, పేరు లేదు. కడుపు మండుతుంది, మండకుండా ఎలా ఉంటుంది, ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి పరిగెత్తింది దీనికోసమే కదా. కానీ ఈ రాత్రి, రేపు పొద్దున మీరు చేసే పనుల మీదే సగం కేసు ఆధారపడి ఉంటుంది, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా. నేను లాయర్‌ని కాదు, కొంతమంది ప్లేయర్లు అప్పీల్ కాగితాలు తయారుచేసుకుంటుంటే పక్కన కూర్చుని సాయం చేశా, అంతే. వాళ్ళల్లో గెలిచినవాళ్ళున్నారు, ఓడినవాళ్ళూ ఉన్నారు. ఓడినవాళ్ళు ఆటలో తక్కువై ఓడలేదు, టైమ్ దాటిపోయో, తప్పు పాయింట్ పట్టుకునో ఓడారు.

ముందే ఒక మాట చెప్పేస్తా, ఇది ఎక్కకపోతే కింద రాసిందేదీ పనికిరాదు. అప్పీల్ వినేవాళ్ళు ఎవరు మంచి ప్లేయర్ అని తేల్చరు. సెలక్టర్లు తాము రాసుకున్న రూల్స్ తామే పాటించారా లేదా, మీకు న్యాయంగా ఛాన్స్ ఇచ్చారా లేదా, ఇదే చూస్తారు. "నేను వాడికంటే బాగా ఆడతాను" అనేది నిజమే కావొచ్చు, కానీ అది అప్పీల్ కాదు, బాధ.

మొదటి రాత్రి

పోస్ట్ పెట్టకండి. ఇన్‌స్టాలో స్టోరీ కూడా వద్దు, కోచ్‌ని ఉద్దేశించి కొటేషన్ లాంటిది కూడా వద్దు. చాలా ఫెడరేషన్ల అథ్లెట్ అగ్రిమెంట్లలో బయట మాట్లాడే విషయంలో షరతులుంటాయి, మీరు ఆవేశంలో పెట్టిన నాలుగు లైన్లు పట్టుకుని వాళ్ళు మీమీదే క్రమశిక్షణ చర్య మొదలుపెడితే మీరు సెలక్షన్ సంగతి వదిలేసి దానికి జవాబు రాసుకుంటూ కూర్చోవాలి. సెలక్టర్‌కి ఫోన్ చేసి అరవడం కూడా అంతే, ఆ కాల్ రికార్డ్ అవుతుందనే అనుకోండి.

చేయాల్సింది ఏంటంటే, లిస్ట్ అనౌన్స్ చేసిన పేజీని, ఈమెయిల్‌ని, వాట్సాప్ మెసేజ్‌ని, ఏది వస్తే దాన్ని, డేటు టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీకు ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో చెప్తే ఎన్ని గంటలకి చెప్పారో కూడా. ఇది ఎందుకంటే, అప్పీల్ గడువు మీకు తెలియజేసిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది, కొన్నిచోట్ల పబ్లిక్‌గా ప్రకటించినప్పటి నుంచి. ఆ గడువు నెలల్లో ఉండదండీ, చాలాసార్లు గంటల్లో ఉంటుంది, 24, 48, 72 గంటలు, మహా అయితే కొన్ని రోజులు. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి వస్తాయా రావా అనేది కూడా రూల్‌లో చూడాలి. శుక్రవారం సాయంత్రం లిస్ట్ పెట్టేసి ఆఫీస్ తాళం వేసుకుని వెళ్ళిపోయే ఫెడరేషన్లు లేవని నేననుకోను.

కాగితాలు దించుకోవడం

అదే రాత్రి, లేదా మర్నాడు పొద్దున్నే, మూడు డాక్యుమెంట్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. సెలక్షన్ పాలసీ ఒకటి, అప్పీల్ ప్రొసీజర్ ఒకటి (ఇది ఒక్కోసారి పాలసీ చివర్లో ఉంటుంది, ఒక్కోసారి విడిగా ఉంటుంది, ఒక్కోసారి ఫెడరేషన్ సొంత నియమావళిలో ఎక్కడో మూల దాక్కుని ఉంటుంది), మూడోది మీరు సంతకం పెట్టిన అథ్లెట్ అగ్రిమెంట్. పాలసీ విషయంలో ఒక జాగ్రత్త, ట్రయల్స్ జరిగిననాటికి అమల్లో ఉన్న వెర్షన్ కావాలి మీకు. మధ్యలో సవరించారా, సవరిస్తే మీకు ఎప్పుడు తెలిపారు, ఆట మొదలయ్యాక గోల్‌పోస్ట్ జరిపారా అన్నది చాలా బలమైన పాయింట్ అవుతుంది, కానీ పాత వెర్షన్ మీ చేతిలో ఉంటేనే. వెబ్‌సైట్‌లో ఫైల్ మారిపోయాక మొత్తుకుంటే లాభం లేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నన్నడిగితే సీజన్ మొదట్లోనే పాలసీ దించుకుని ఫోన్‌లో పెట్టుకోవాలి, కానీ ఎవరూ పెట్టుకోరు, నాకు తెలుసు.

కాగితాలు చేతికొచ్చాక రెండు తేదీలు ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఒకటి అప్పీల్ గడువు. రెండోది చాలామంది మర్చిపోయేది, ఆ టోర్నమెంట్‌కి ఎంట్రీలు పంపే ఆఖరి తేదీ. ఇది మీ ఫెడరేషన్ చేతిలో ఉండదు, ఇంటర్నేషనల్ ఫెడరేషన్ చేతిలో ఉంటుంది.

రెండో తేదీ ఎంత ముఖ్యమో పి.యు. చిత్ర కథ చూస్తే తెలుస్తుంది. 2017 జులైలో భువనేశ్వర్‌లో ఏషియన్ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో 1500 మీటర్ల గోల్డ్ కొట్టింది, అయినా ఆగస్టులో లండన్‌లో జరగబోయే వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ టీమ్‌లో పేరు లేదు. కేరళ హైకోర్టుకి వెళ్ళింది, ఆమెని చేర్చండని కోర్టు ఆర్డర్ ఇచ్చింది. ఫెడరేషన్ ఇంటర్నేషనల్ బాడీకి రాసింది కూడా. కానీ అప్పటికే ఎంట్రీల గడువు అయిపోయింది, వాళ్ళు కుదరదన్నారు. కోర్టు ఆర్డర్ చేతిలో ఉంది, లండన్ ట్రాక్ మీద మాత్రం ఆమె లేదు. దేశంలో కోర్టు ఆర్డర్ ఇంకో దేశంలో కూర్చున్న ఇంటర్నేషనల్ ఫెడరేషన్‌ని కదిలించలేదు కదా. అందుకని మీ అప్పీల్ మొదటి పేజీలోనే ఎంట్రీ ఆఖరి తేదీ రాయండి, ఆ తేదీలోపు తేల్చమని అడగండి, తేలేదాకా ఆ స్థానానికి ఫైనల్ పేరు పంపొద్దనీ, లాంగ్ లిస్ట్ అనేది ఉంటే అందులో నా పేరు ఉంచమనీ అడగండి. చాలా పోటీలకి ముందు పెద్ద లిస్ట్ పంపి తర్వాత తగ్గిస్తారు, ఆ పెద్ద లిస్ట్‌లో పేరు లేకపోతే తర్వాత మీరు గెలిచినా లోపలికి వెళ్ళే దారి ఉండదు.

పాయింట్ వెతకడం, అసలు పని ఇదే

ఇప్పుడు పాలసీని ఒక్కో లైను చదువుతూ పక్కన రాసుకోండి, ఈ లైను ప్రకారం ఏం జరగాలి, నిజంగా ఏం జరిగింది. రెండు గళ్ళు గీసుకుంటే చాలు. ఎక్కడ రెండూ కలవట్లేదో అక్కడే మీ కేసు ఉంది.

ఆస్ట్రేలియాలో ఒలింపిక్ సెలక్షన్ అప్పీళ్ళకి వాడే గ్రౌండ్స్, అంటే అప్పీల్ వేయడానికి చెల్లే కారణాలు, దాదాపు అన్ని దేశాల్లోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి, నాలుగే. పాలసీని సరిగ్గా పాటించలేదు. క్రైటీరియా, అంటే సెలక్షన్‌కి పెట్టిన కొలతలు, అందుకోవడానికి మీకు సరైన అవకాశం ఇవ్వలేదు. నిర్ణయంలో పక్షపాతం ఉంది. ఆ నిర్ణయానికి రావడానికి తగిన ఆధారం ఏమీ లేదు. మీ బాధని ఈ నాలుగింట్లో ఏదో ఒకదాంట్లోకి దించగలిగితే అప్పీల్ ఉంది, దించలేకపోతే లేదు.

మొదటిది అన్నిటికంటే గట్టిది. పాలసీలో టైమింగ్, స్కోర్, ర్యాంకింగ్, ట్రయల్‌లో స్థానం లాంటి కొలిచే లెక్కలుంటే, మీరు ఆ లెక్క అందుకున్నా పక్కన పెడితే, సెలక్టర్లకి జవాబు చెప్పడం కష్టం. పారా షూటర్ నరేశ్ కుమార్ శర్మ, అప్పటికే ఐదు పారాలింపిక్స్ ఆడినవాడు, 2021లో టోక్యో లిస్ట్‌లో పేరు లేక సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, గడువు నెత్తిమీదకి వచ్చేసిన సమయంలో కోర్టు అప్పటికప్పుడు విని పేరు పంపమంది. అలా కూడా జరుగుతుంది, కానీ దాన్ని చూసి ధైర్యం ఎక్కువ తెచ్చుకోకండి, అది అరుదు.

పాలసీలో "సెలక్టర్ల విచక్షణ", "మెడల్ అవకాశం", "టీమ్ కాంబినేషన్", "ప్రస్తుత ఫామ్" లాంటి మాటలుంటే కష్టం మొదలవుతుంది. అక్కడ సెలక్టర్ అభిప్రాయం తప్పు అని నిరూపించినా చాలదు, బుర్ర ఉన్న సెలక్టర్ ఎవరూ అలాంటి నిర్ణయం తీసుకోరు అనేంత దూరం చూపించాలి. టీమ్ గేమ్స్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా కష్టం, అక్కడ అంతా విచక్షణే. అయినా విచక్షణకీ హద్దులుంటాయి: పాలసీలో లేని విషయాన్ని లెక్కలోకి తీసుకున్నారా, చూడాల్సిన రిజల్ట్‌ని చూడకుండా వదిలేశారా, అందరికీ ఒక కొలత మీకు ఇంకో కొలత పెట్టారా, మీటింగ్‌కి కోరం, అంటే సరిపడా సభ్యులు, ఉందా, ఓటు వేసినవాళ్ళలో ఎంపికైన ప్లేయర్ పర్సనల్ కోచో, బంధువో ఉన్నాడా. ఈ ఆఖరిది చాలా చిన్న ప్రపంచాల్లో, అంటే కొద్దిమందే ఆడే ఆటల్లో, మామూలుగా జరిగిపోతుంటుంది, ఎవరికీ తప్పుగా కూడా అనిపించదు. మీకు పక్షపాతం కనపడితే పేరు, సంబంధం, తేదీ చెప్పండి, "అంతా పాలిటిక్స్" అని రాయకండి. ఆ ఒక్క ముక్క రాస్తే అప్పీల్ వినే ప్యానెల్ మిగతా లెటర్ కూడా అదే కళ్ళతో చదువుతుంది.

పేరు ప్రతిష్ఠలు గ్రౌండ్ కాదు. సుశీల్ కుమార్ రెండు ఒలింపిక్ మెడల్స్ ఉన్నవాడు, 2016లో రియోకి ముందు 74 కేజీల్లో నర్సింగ్ యాదవ్‌తో ట్రయల్ పెట్టమని ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాడు. దేశానికి కోటా, అంటే ఆ కేటగిరీలో ఒలింపిక్స్‌లో ఆడే స్థానం, తెచ్చింది నర్సింగ్, 2015 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో బ్రాంజ్ కొట్టి. కోర్టు సుశీల్ పిటిషన్ కొట్టేసింది, ఎవర్ని పంపాలో తేల్చేది ఫెడరేషన్ అంది. ఇక్కడే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, చాలా ఆటల్లో కోటా దేశానిది, మనిషిది కాదు. మీరే తెచ్చినా మీదే అని రూల్‌లో రాసి ఉంటే తప్ప అది మీ పాయింట్ కాదు.

రాసిన క్రైటీరియా అసలే లేకపోతే? అప్పుడు గెలుపు ఖాయం అనుకుంటారు అందరూ. 2014 సోచి ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా హాఫ్‌పైప్ స్కీయర్ డానియెలా బావర్ కేసులో ఫెడరేషన్ ముందుగా క్రైటీరియా ప్రకటించకపోవడం ప్యానెల్‌కి నచ్చలేదు, ఆ మాట అనింది కూడా, అయినా ఆమె అప్పీల్ కొట్టేసింది.

గాయం, జబ్బు, ఇంట్లో ఎవరైనా పోవడం, ప్రెగ్నెన్సీ ఇలాంటి కారణంగా ట్రయల్ మిస్ అయితే పాలసీలో ప్రత్యేక పరిస్థితుల క్లాజ్ ఉందేమో వెతకండి. ఉంటే సాధారణంగా ట్రయల్‌కి ముందే రాసి ఇవ్వాలి, మెడికల్ రిపోర్ట్‌తో సహా. నొప్పి దాచుకుని బరిలోకి దిగి, ఓడాక "నాకు అప్పటికే గాయం ఉంది" అంటే ఎవరూ వినరు.

అడగండి, కానీ ఆగకండి

కారణాలు, కాగితాలు రాతపూర్వకంగా అడగాలి. ఈమెయిల్ ఇంత చిన్నదైనా చాలు:

"ఫలానా పోటీకి నన్ను ఎంపిక చేయని నిర్ణయం నాకు ఫలానా తేదీ ఫలానా సమయానికి తెలిసింది. దానికి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వగలరు. సెలక్షన్ కమిటీ సభ్యుల పేర్లు, మీటింగ్ మినిట్స్, ట్రయల్ స్కోర్ షీట్లు, నాకూ ఎంపికైనవారికీ క్రైటీరియా ఎలా వర్తింపజేశారో చూపించే పత్రాలు, సభ్యులు ఇచ్చిన ప్రయోజన వైరుధ్యం (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్) డిక్లరేషన్లు పంపగలరు. ఈ నిర్ణయంపై అప్పీల్ చేసే హక్కు నాకు ఉంది, అవి అందాక అదనపు పాయింట్లు చేర్చే హక్కునూ ఉంచుకుంటున్నాను."

అంతే, ఒక్క తిట్టు లేదు, ఒక్క విశేషణం లేదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. కోచ్ పిలుస్తాడు, "తొందరపడకు, సోమవారం కూర్చుని మాట్లాడదాం, ఏదో ఒకటి చేద్దాం" అంటాడు, మంచి మనసుతోనే అనొచ్చు. మీరు ఆగుతారు. సోమవారానికి గడువు అయిపోతుంది. నోటి మాట నీటి మూట అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. నాకు తెలిసిన ఒక అమ్మాయి అచ్చం ఇలాగే పోగొట్టుకుంది, ఆమె దగ్గర ఉన్న పాయింట్ గట్టిదే, స్కోర్ కూడికలో తప్పు కనపడుతూనే ఉంది, కానీ అప్పీల్ పన్నెండు గంటలు ఆలస్యంగా చేరింది, లోపల ఏముందో ఎవరూ చదవనే లేదు. మాట్లాడండి, మాట్లాడుతూనే అప్పీల్ వేయండి. కాగితాలు రాకపోయినా గడువులోపు అప్పీల్ నోటీస్ పడిపోవాలి, వివరాలు తర్వాత చేర్చుకోవచ్చు. గడువు పెంచమని అడిగితే ఆ పెంచినట్టు ఈమెయిల్ వచ్చేదాకా పెరగలేదనే లెక్క.

లెటర్ రాయడం

మొదట మీరెవరు, ఏ ఈవెంట్, ఏ నిర్ణయం, ఎప్పుడు తెలిసింది, ఏ క్లాజ్ కింద అప్పీల్ వేస్తున్నారు, ఎంట్రీ ఆఖరి తేదీ ఎప్పుడు. ఇది అరపేజీ. తర్వాత తేదీలవారీగా ఏం జరిగిందో, మీ అభిప్రాయాలు కలపకుండా. తర్వాత గ్రౌండ్స్, ఒక్కోదానికి పాలసీలో ఉన్న వాక్యం యథాతథంగా దించి, దాని కింద జరిగింది రాసి, దాని కింద ఆధారం నంబర్ వేయండి. అనుబంధాలకి వరస నంబర్లు ఇవ్వండి, ప్యానెల్ వాళ్ళు రాత్రిపూట ఫోన్‌లో చదువుతుంటారు, పన్నెండు అటాచ్‌మెంట్లకి "స్కాన్" అనే పేరు పెట్టి పంపితే వాళ్ళకి విసుగొస్తుంది.

పది గ్రౌండ్స్ రాయాలనిపిస్తుంది. వద్దు. రెండు గట్టివి చాలు, ఎనిమిది బలహీనమైనవి కలిపితే ఆ రెండూ కూడా పలచబడిపోతాయి. ఎలా రాయాలో ఒక ఊహించిన ఉదాహరణ ఇస్తా: "పాలసీ 4.2 ప్రకారం మూడు ర్యాంకింగ్ పోటీల్లో ఉత్తమమైన రెండు ఫలితాలు తీసుకోవాలి. కమిటీ నా మూడు ఫలితాల సగటు తీసుకుంది (అనుబంధం 3). 4.2 ప్రకారం లెక్కిస్తే నా స్థానం రెండు, కమిటీ లెక్కలో నాలుగు." మూడు వాక్యాలు. ఎంత కష్టపడ్డారు, ఎన్ని త్యాగాలు చేశారు అన్నది ఇందులో లేదు, ఉండక్కర్లేదు.

ఎంపికైన ప్లేయర్ గురించి చెడ్డ మాట ఒక్కటి కూడా వద్దు. తప్పు చేసింది కమిటీ, ఆ ప్లేయర్ కాదు.

చివర్లో మీకేం కావాలో అడగండి, చాలామంది దీన్ని మర్చిపోతారు. "న్యాయం చేయండి" అంటే ఏం చేయాలో ప్యానెల్‌కి తెలియదు. నిర్ణయం రద్దు చేసి పాలసీ ప్రకారం మళ్ళీ తీసుకోమనండి, లేదా పక్షపాతం ఉన్న సభ్యుడు లేకుండా కొత్త కమిటీతో మళ్ళీ చూడమనండి, లేదా రీ-ట్రయల్ పెట్టమనండి, వీటన్నిటికీ టైమ్ లేకపోతే నేరుగా నా పేరు చేర్చండి అని అడగండి. ఆ వరసలోనే.

రెండో మనిషి

మీరు లోపలికి వెళ్తే ఎవరో ఒకరు బయటికి వస్తారు. ఆ మనిషికి చెప్పకుండా, మాట వినకుండా తీర్పు వస్తే ఏమవుతుందో 2000లో అమెరికన్ గ్రీకో-రోమన్ రెజ్లింగ్‌లో చూశారు అందరూ. మాట్ లిండ్‌ల్యాండ్ ట్రయల్స్ ఫైనల్‌లో కీత్ సియరాకీ చేతిలో ఓడాడు, ప్రత్యర్థి రూల్స్‌కి విరుద్ధమైన పట్టు వాడాడని ప్రొటెస్ట్ చేశాడు, ఫెడరేషన్ లోపల ఎక్కడా ఒప్పుకోలేదు. ఆర్బిట్రేషన్‌కి, అంటే బయటి మధ్యవర్తి దగ్గరికి, వెళ్తే ఆ మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) మళ్ళీ కుస్తీ పెట్టమన్నాడు, పెట్టారు, లిండ్‌ల్యాండ్ 8-0తో గెలిచాడు. కథ అయిపోయింది కదా అనుకుంటే, ఇప్పుడు సియరాకీ తన సొంత ఆర్బిట్రేషన్ వేశాడు, ఇంకో ఆర్బిట్రేటర్ మొదటి ఫలితమే కరెక్ట్ అన్నాడు! ఒక స్థానానికి ఇద్దరి చేతిలో రెండు తీర్పులు. ఫెడరల్ కోర్టుల్లో కొట్టుకుని కొట్టుకుని చివరికి లిండ్‌ల్యాండ్ సిడ్నీ వెళ్ళి సిల్వర్ తెచ్చాడు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ప్రభావం పడే ప్లేయర్‌కి నోటీస్ ఇచ్చి కేసులో కలుపుతారు. కలపకపోతే మీరే అడగండి కలపమని, మంచితనం కోసం కాదు, గెలిచిన తీర్పు నిలబడటం కోసం.

అతనో ఆమో మీ రూమ్‌మేట్ అయి ఉండొచ్చు కూడా. అప్పీల్ వేసేముందు ఒక మెసేజ్ పెట్టండి, "నీమీద కాదు, ప్రాసెస్ మీద వేస్తున్నా" అని. పేపర్ చూసి తెలుసుకోవడం కంటే అది నయం.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ముందు ఫెడరేషన్ లోపలి అప్పీల్ కమిటీ, దాన్ని దాటేసి నేరుగా పైకి పోతే "ముందు ఇంట్లో అడిగావా" అని తిప్పి పంపేస్తారు. లోపలి దారి అయిపోయాక దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో స్పోర్ట్ డిస్ప్యూట్ రిజల్యూషన్ సెంటర్ ఉంది, అక్కడ ఒక మంచి రూల్ కూడా ఉంది, క్రైటీరియా సరిగ్గా పెట్టామనీ పాటించామనీ ముందు ఫెడరేషనే చూపించాలి, ఆ తర్వాతే నన్ను ఎంపిక చేయాల్సింది అని నిరూపించే బరువు ప్లేయర్ మీద పడుతుంది. వేరేచోట్ల మాత్రం ఆ బరువు మొదటినుంచీ మీదే అనుకుని సిద్ధం కండి. బ్రిటన్‌లో స్పోర్ట్ రిజల్యూషన్స్, న్యూజిలాండ్‌లో స్పోర్ట్స్ ట్రిబ్యునల్, ఆస్ట్రేలియాలో 2020లో మొదలైన నేషనల్ స్పోర్ట్స్ ట్రిబ్యునల్. అమెరికాలో 1978 నాటి చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్, ప్లేయర్లకి ఉచితంగా, రహస్యంగా సలహా ఇచ్చే అథ్లెట్ అంబుడ్స్ ఆఫీస్ కూడా ఉంది అక్కడ. ఇండియాలో ఇన్నాళ్ళూ హైకోర్టు రిట్ పిటిషన్లే దిక్కు, 2025లో వచ్చిన నేషనల్ స్పోర్ట్స్ గవర్నెన్స్ చట్టంలో ప్రత్యేకంగా ట్రిబ్యునల్ పెట్టారు.

ఒక్కోసారి కొట్టాల్సింది సెలక్షన్‌ని కాదు, దాని వెనకున్న రూల్‌ని. 2021లో మనికా బత్రా ఢిల్లీ హైకోర్టులో అదే చేసింది, నేషనల్ క్యాంప్‌కి వస్తేనే సెలక్షన్ అనే టేబుల్ టెన్నిస్ ఫెడరేషన్ రూల్ మీద కోర్టు స్టే ఇచ్చింది.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో క్రీడా వివాదాలు తేల్చే కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఫర్ స్పోర్ట్ ఉంది కదా, 1984 నుంచీ ఉంది, అక్కడికి పోతా అంటారు చాలామంది మొదటిరోజే. ఆగండి. మీ ఫెడరేషన్ రూల్స్‌లోనో అగ్రిమెంట్‌లోనో అక్కడికి వెళ్ళొచ్చని రాసి ఉంటేనే వాళ్ళు వింటారు, లోపలి దారులన్నీ అయిపోయి ఉండాలి, రూల్స్‌లో వేరే గడువు లేకపోతే నిర్ణయం అందిన 21 రోజుల్లో వేయాలి. ఒలింపిక్స్ సమయంలో గేమ్స్ జరిగే ఊళ్ళోనే ఆ కోర్టు టెంపరరీ విభాగం ఒకటి కూర్చుంటుంది, 1996 అట్లాంటా నుంచీ, 24 గంటల్లో తీర్పు ఇవ్వడం దాని లక్ష్యం. కానీ ఓపెనింగ్ సెరిమనీకి ముందు పది రోజుల లోపల, లేదా గేమ్స్ జరుగుతుండగా పుట్టిన వివాదాలే తీసుకుంటుంది. అర్జెంటీనా స్కీయర్ మరియా బెలెన్ సిమారి బిర్క్‌నర్ 2014లో ఈ పది రోజుల దగ్గరే దెబ్బతింది, ఆమెని వదిలేసిన నిర్ణయం అంతకు ముందే వచ్చేసింది, కాబట్టి మా పరిధి కాదన్నారు.

లాయర్ కావాలా అంటే, లోపలి అప్పీల్‌కి తప్పనిసరి కాదు, కొన్నిచోట్ల రానివ్వరు కూడా. కానీ స్పోర్ట్స్ కేసులు చూసినవాళ్ళు ఒక్కరు లెటర్ చదివితే చాలా తేడా వస్తుంది. అథ్లెట్స్ కమిషన్‌ని అడగండి, ఉచితంగా చూసిపెట్టే లాయర్ల జాబితాలు కొన్ని దేశాల్లో ఉంటాయి. పద్ధెనిమిది దాటనివాళ్ళైతే అమ్మానాన్నల సంతకం కావాలి, అది కూడా గడువు లోపలే.

హియరింగ్ రోజు

ఎక్కువగా వీడియో కాల్‌లోనే అవుతుంది. ప్యానెల్ పేర్లు రాగానే చూసుకోండి, వాళ్ళలో ఎవరికైనా ఫెడరేషన్‌తోనో ఎంపికైన ప్లేయర్‌తోనో సంబంధం ఉంటే అప్పుడే అభ్యంతరం చెప్పాలి. తీర్పు వచ్చాక చెప్తే, ముందు తెలిసీ ఎందుకు ఊరుకున్నావ్ అంటారు.

మాట్లాడేది పది నిమిషాలకి కుదించుకోండి. మీ రెండు గ్రౌండ్స్, వాటి ఆధారాలు, మీకు కావాల్సింది. ఏడుపొస్తే రానివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టండి. తెలియని ప్రశ్నకి తెలియదు అని చెప్పండి. "నిన్ను తీసుకుంటే మెడల్ వస్తుందా" లాంటి ప్రశ్న వస్తే అందులో పడి గొప్పలు చెప్పుకోకండి, మళ్ళీ పాలసీ క్లాజ్ దగ్గరికి రండి.

గెలిస్తే ఏం వస్తుంది

గెలిచారంటే టీమ్‌లో ఉన్నారని కాదు. చాలాసార్లు ప్యానెల్ "మళ్ళీ నిర్ణయం తీసుకోండి" అని ఫెడరేషన్‌కే తిప్పి పంపుతుంది, వాళ్ళు ఈసారి పద్ధతిగా కూర్చుని మళ్ళీ అదే పేరు రాయొచ్చు. 2012లో లండన్ ఒలింపిక్స్‌కి ముందు బ్రిటిష్ తైక్వాండోలో ఆరన్ కుక్ తన వెయిట్‌లో ప్రపంచ నంబర్ వన్, అయినా లుటాలో ముహమ్మద్‌ని తీసుకున్నారు. బ్రిటిష్ ఒలింపిక్ అసోసియేషన్ నిర్ణయాన్ని తిప్పి పంపి మళ్ళీ చూడమంది, ఫెడరేషన్ మళ్ళీ చూసి మళ్ళీ ముహమ్మద్ పేరే ఇచ్చింది. ముహమ్మద్ బ్రాంజ్ కొట్టాడు. కుక్ తర్వాత మాల్డోవా తరఫున ఆడాడు. ఎవరు రైటో నేను చెప్పలేను, ఇలా కూడా అవుతుందని తెలిసే దిగండి.

వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఫెడరేషన్ చిన్నదైతే రేపు క్యాంప్‌లో అదే ముఖాలు చూడాలి, అది చిన్న విషయం కాదు. నా లెక్క ఒకటే, పాలసీలో వేలు పెట్టి "ఇదిగో ఈ లైను" అని చూపించగలిగితే వేయండి, చూపించలేకపోతే కారణాలు రాతపూర్వకంగా తీసుకుని పెట్టుకోండి, వచ్చే సెలక్షన్‌కి అవే పనికొస్తాయి.

ఇదంతా నడుస్తుండగా ట్రైనింగ్ ఆపకండి. రీ-ట్రయల్ అని ఆర్డర్ వస్తే మీకు నెల టైమ్ ఇవ్వరు, లిండ్‌ల్యాండ్ కోర్టు కాగితాల మధ్యలోనే మ్యాట్ మీదకెళ్ళి గెలిచి చూపించాల్సి వచ్చింది. బరువు కేటగిరీ ఆటలైతే బరువు కూడా చూసుకోండి, బాధలో తినేస్తుంటాం. ఇంకోటి, మీరు డోప్ టెస్టింగ్ పూల్‌లో ఉంటే, టీమ్‌లో లేను కదా అని వేర్‌అబౌట్స్ (టెస్ట్ కోసం మీరు ఎప్పుడు ఎక్కడుంటారో ముందే ఇచ్చే వివరాలు) అప్‌డేట్ మానేయొద్దు. పన్నెండు నెలల్లో మూడు మిస్ అయితే అదే ఒక డోపింగ్ రూల్ ఉల్లంఘన, అప్పీల్ గెలిచినా ఆడనివ్వరు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఇవాళే.